ఆసుపత్రి లెక్కల్లో క్యాన్సర్ల వరస మారితే జనంలో జబ్బు మారినట్టేనా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒక పెద్ద ఆసుపత్రిలో పీజీ చేస్తున్నవారు అక్కడి రికార్డుల్లోంచి పదిహేనేళ్ళ క్యాన్సర్ కేసులు తీశారు. మొదట్లో ఆడవాళ్ళలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పైన ఉండేది, ఇప్పుడు రొమ్ము క్యాన్సర్ దాన్ని దాటేసింది. థైరాయిడ్ బాగా పెరిగింది. లివర్ తగ్గింది. పెద్దపేగు క్యాన్సర్‌తో వచ్చేవాళ్ళలో చిన్న వయసువాళ్ళు ఎక్కువ కనిపిస్తున్నారు. "దీన్నిబట్టి జనంలో క్యాన్సర్ల తీరు మారిందని రాయొచ్చా?" అని అడుగుతున్నారు.

సూటిగా చెప్పాలంటే, అలా రాయకండి. ఆసుపత్రి రిజిస్టర్ మీ గడప తొక్కింది ఎవరో చెబుతుంది, బయట జబ్బు ఎవరెవరికి వచ్చిందో చెప్పదు. ఈ రెండూ ఒక్కోసారి కలిసి నడుస్తాయి, ఒక్కోసారి పూర్తిగా ఎదురెదురుగా నడుస్తాయి, ఏది ఎప్పుడు జరుగుతోందో ఆ పట్టిక చూసి మాత్రం తెలియదు. అలాగని మీ కష్టం వృథా అనడం లేదు. మీరు చెప్పిన మార్పుల్లో రొమ్ము, ముఖద్వారం సంగతిలో కొంత నిజంగా జబ్బు తీరు మారడమే అయి ఉండొచ్చు. థైరాయిడ్ చాలావరకు పరీక్షల మహిమ. లివర్ తగ్గడం నా అనుమానం కోడింగ్ వల్ల, అంటే రికార్డులో జబ్బుకి సంకేతం వేసే పద్ధతి వల్ల. పెద్దపేగు విషయం మాత్రం చిక్కుముడి, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేను ఆసుపత్రి క్యాన్సర్ రిజిస్ట్రీలో చాలా ఏళ్ళుగా ఉన్నాను, కేస్ షీట్లు చదివి కోడ్ వేసే పని దగ్గర మొదలుపెట్టి ఇప్పుడు ఏటా రిపోర్ట్ రాసే దాకా. మీలాంటి పట్టికలు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు పట్టుకొస్తారు, ప్రతిసారీ ఇదే ప్రశ్న.

ముందు హారం సంగతి. లక్ష మందిలో ఇంతమందికి అని చెప్పాలంటే ఆ లక్ష ఎవరో తెలియాలి. జనాభా ఆధారిత రిజిస్ట్రీలు పుట్టిందే అందుకు. 1926లో హాంబర్గ్‌లో అలాంటిది మొదలైంది, 1942 నాటికి డెన్మార్క్ దేశం మొత్తాన్ని లెక్కలోకి తెచ్చింది. ఒక ప్రాంతంలో ఉండేవాళ్ళకి క్యాన్సర్ ఏ ఆసుపత్రిలో బయటపడ్డా, ఆఖరికి మరణ ధృవీకరణలో మాత్రమే కనిపించినా, అది ఆ రిజిస్ట్రీలోకి రావాల్సిందే. మన ఆసుపత్రి పుస్తకానికి అలాంటి సరిహద్దు లేదు. వచ్చినవాళ్ళు లవం, హారం ఎవరికీ తెలియదు.

హారం లేదు కాబట్టి అందరూ శాతాలకి దిగుతారు, అసలు గొడవ అక్కడే. ఊరికే అంకెలు అనుకుందాం: మొదటి ఏడు మొత్తం 500 కేసులు, అందులో ముఖద్వారం 100, అంటే 20 శాతం. పదిహేనేళ్ళ తర్వాత మొత్తం 1,000, ముఖద్వారం అదే 100, అంటే 10 శాతం. "సగానికి తగ్గింది" అని స్లైడ్ మీద బాణం గీసేస్తారు. ఒక్క కేసు కూడా తగ్గలేదు, పక్కవి పెరిగాయంతే. శాతాల పట్టికలో ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గి తీరాలి, వందకి మించి చోటు లేదు కదా. అందుకని శాతం పక్కనే అసలు సంఖ్య పెట్టని గ్రాఫ్ ఏదైనా నేను వెనక్కి పంపిస్తాను.

ఇక ఎవరు వస్తున్నారు అన్నది. ఇది అన్నిటికన్నా పెద్ద కారణం, అన్నిటికన్నా తక్కువగా రాసేది కూడా ఇదే. ముఖద్వార క్యాన్సర్ ముదిరిన దశలో వస్తే చికిత్సలో ప్రధానమైనది రేడియేషన్, అందులోనూ లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ. ఆ యూనిట్ చుట్టుపక్కల మీ ఆసుపత్రిలోనే ఉన్నన్నాళ్ళూ ఎక్కడెక్కడి కేసులూ మీ దగ్గరికే వస్తాయి. ఇంకో రెండు చోట్ల అది పెట్టగానే మీ సంఖ్య పడిపోతుంది. ఆ రెండు చోట్ల పెరిగినది మీ పట్టికలో కనపడదు. కాబట్టి మీరు ముందు అడగాల్సింది గైనకాలజీ వాళ్ళని కాదు, రేడియేషన్ విభాగంలో పాతకాపుని ఎవరినైనా పట్టుకుని "చుట్టుపక్కల బ్రాకీ ఎప్పుడెప్పుడు ఎక్కడెక్కడ మొదలైంది?" అని అడగండి.

మా దగ్గర ఒకసారి రక్త క్యాన్సర్లు ఉన్నట్టుండి దాదాపు మాయమయ్యాయి. జబ్బు ఎక్కడికీ పోలేదు, హెమటాలజీ చూసే డాక్టర్ వేరే చోటికి వెళ్ళిపోయారు, ఆయన పేషెంట్లు ఆయన వెంటే వెళ్ళారు. తర్వాత రొమ్ము సర్జరీ మాత్రమే చేసే ఒకావిడ చేరారు, రెండేళ్ళు తిరక్కుండానే రొమ్ము కేసులు గ్రాఫ్‌లో మెట్టు ఎక్కినట్టు పెరిగాయి. మెట్టు అన్నమాట గుర్తుపెట్టుకోండి. జనంలో జబ్బు మారేటప్పుడు మెల్లగా వాలుగా మారుతుంది. ఒకే ఏడాదిలో గోడలా లేచినా, పడినా దాని వెనక డాక్టరో, మిషనో, బీమా పథకమో, కంప్యూటర్ సాఫ్ట్‌వేరో ఉంటుంది. ఈ నియమానికి మినహాయింపులు చాలా తక్కువ. నాకు తెలిసిన మంచి మినహాయింపు ఒకటుంది: 2002లో ఒక పెద్ద అధ్యయనం రుతుక్రమం ఆగిన ఆడవాళ్ళు వాడే హార్మోన్ మాత్రలతో రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతోందని చెప్పింది, అమెరికాలో లక్షలమంది ఆ మాత్రలు మానేశారు, 2003లో అక్కడ రొమ్ము క్యాన్సర్ కేసులు సుమారు 7 శాతం పడిపోయాయి. అది జనాభా రిజిస్ట్రీల్లో కనిపించింది కాబట్టి నమ్మారు.

లివర్ సంగతి కొంచెం దగ్గర నుంచి చూద్దాం, ఎందుకంటే ఇది బల్ల మీద కేస్ షీట్ పెట్టుకుని చూస్తేనే అర్థమవుతుంది. పాత షీట్ ఒకటి తీయండి. మొదటి పేజీలో అడ్మిషన్ రోజున రాసిన మాట: "లివర్ సీఏ", అంటే లివర్ క్యాన్సర్. లోపల అల్ట్రాసౌండ్ కాగితం: లివర్‌లో చాలా గడ్డలు. ఇంకా లోపల, పిన్ను ఊడిపోయి వెనక అతుక్కున్న బయాప్సీ రిపోర్ట్: "మెటస్టాటిక్ అడినోకార్సినోమా, మూలం తెలియదు". అంటే అది లివర్‌లో పుట్టిన క్యాన్సర్ కాదు, ఎక్కడినుంచో పాకి వచ్చినది. డిశ్చార్జ్ సమ్మరీ రాసిన హౌస్ సర్జన్ మొదటి పేజీ చూసి మళ్ళీ "లివర్ సీఏ" అని రాశారు, రికార్డ్స్ గుమాస్తా డిశ్చార్జ్ సమ్మరీ చూసి లివర్ క్యాన్సర్ కోడ్ సీ22 వేశారు. అక్కడ పడాల్సింది సీ80, మూలం తెలియని క్యాన్సర్. పాత పుస్తకాల్లో ఇలాంటివి కొల్లలు. సీటీ స్కాన్ అందరికీ చేయడం మొదలయ్యాక, ప్యాథాలజీలో క్యాన్సర్ ఎక్కడ పుట్టిందో సూచించే ఇమ్యూనో మార్కర్లు వచ్చాక ఇవే కేసులు క్లోమానికి, పెద్దపేగుకి, ఊపిరితిత్తులకి సర్దుకున్నాయి. పట్టికలో లివర్ తగ్గింది, క్లోమం పెరిగింది. మనుషుల ఒంట్లో ఏమీ మారలేదు.

మీ దగ్గరా అదే జరిగిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. మొదటి మూడేళ్ళ లివర్ కేసుల్లోంచి గుడ్డిగా కొన్ని షీట్లు లాగి బయాప్సీ కాగితం దాకా చదవండి. ఏటా ఎంత శాతం కేసులకి సూక్ష్మదర్శిని కింద నిర్ధారణ ఉందో ఒక వరస తీయండి, సీ80 ఎంతో ఇంకో వరస తీయండి. లివర్ తగ్గుతున్న ఏళ్ళలోనే బయాప్సీ శాతం పెరుగుతూ ఉంటే కథ తెలిసిపోయినట్టే. గర్భాశయంలోనూ ఇదే తంతు, "గర్భాశయం" అని మాత్రమే రాసి వదిలేసిన సీ55 కేసులు కోడర్లు నేర్చుకున్నకొద్దీ ముఖద్వారానికో లోపొరకో పోతుంటాయి. అయితే నిజంగా లివర్ క్యాన్సర్ తగ్గిన చోట్లూ ఉన్నాయి. తైవాన్‌లో 1984లో అప్పుడే పుట్టిన పిల్లలకి హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టాక, ముందు పిల్లల్లో ఆ క్యాన్సర్ తగ్గింది. అది టీకా వేసిన తరం వెంట నడిచే తగ్గుదల. మీ డేటాలో అన్ని వయసులవాళ్ళలో ఒకేసారి తగ్గితే టీకాని కారణంగా చూపలేరు.

థైరాయిడ్: వెతికితే దొరికేది. దీనికి దక్షిణ కొరియా కన్నా మంచి పాఠం లేదు. 1999లో అక్కడ వేరే క్యాన్సర్ల కోసం జాతీయ స్క్రీనింగ్ కార్యక్రమం పెట్టారు, థైరాయిడ్ అందులో లేదు, కానీ ఎలాగూ వచ్చారు కదా అని ఆసుపత్రులు మెడకి కూడా అల్ట్రాసౌండ్ తీయడం అలవాటు చేశాయి. 2011 వచ్చేసరికి థైరాయిడ్ క్యాన్సర్ రేటు 1993తో పోలిస్తే 15 రెట్లు అయింది. దానితో చనిపోయేవాళ్ళు మాత్రం పెరగలేదు. 2014లో కొందరు డాక్టర్లు ఇది అనవసరపు నిర్ధారణ అని బహిరంగంగా చెప్పడం మొదలుపెట్టాక ఆపరేషన్లు ఏడాదిలో మూడోవంతు పైనే తగ్గాయి. జబ్బు ఒక వార్తతో తగ్గదు కదా. ప్రోస్టేట్‌లోనూ ఇలాగే అయింది, పీఎస్ఏ రక్త పరీక్ష వాడకం పెరిగాక అమెరికాలో కేసులు ఎగబాకి 1992లో శిఖరానికి చేరి మళ్ళీ దిగాయి.

మీ థైరాయిడ్ కేసుల్లో గడ్డ సైజు రాసి ఉంటుంది, సెంటీమీటర్ లోపు ఎన్ని, పైన ఎన్ని అని విడదీయండి. పెరిగినదంతా చిన్నవాటిలోనే ఉంటే మీకు జవాబు దొరికింది. పెద్దవీ, మెడలో గ్రంథులకి పాకినవీ కూడా అదే జోరుతో పెరిగితే అప్పుడు వేరే ఆలోచన చేయాలి. ఇంకొకటి, 2016లో థైరాయిడ్‌లో ఒక రకం కణితిని, కవచం దాటి చొచ్చుకుపోనిదాన్ని, క్యాన్సర్ అనే మాటే తీసేసి కొత్త పేరుతో పిలవడం మొదలుపెట్టారు. ఆ తర్వాతి ఏళ్ళలో తగ్గుదల కనిపిస్తే కొంత దాని ఖాతాలో వేయాలి.

నిర్వచనాలు మారడం చాలామందికి తట్టదు. 2000లో క్యాన్సర్లకి కోడ్‌లు ఇచ్చే అంతర్జాతీయ పుస్తకం ఐసీడీ-ఓ మూడో కూర్పు వచ్చినప్పుడు అండాశయంలోని బోర్డర్‌లైన్ కణితులు (క్యాన్సర్‌కీ మామూలు గడ్డకీ మధ్య రకం) క్యాన్సర్ లెక్కలోంచి బయటికి పోయాయి, మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్, పాలిసైథీమియా వీరా లాంటి రక్త సమస్యలు లోపలికి వచ్చాయి. ఒకటో తారీకున సాఫ్ట్‌వేర్‌లో కోడ్ పుస్తకం మారితే ఆ రోజునుంచి అండాశయం తగ్గుతుంది, రక్తం పెరుగుతుంది. మీ ఆసుపత్రి ఆ కూర్పుకి ఏ ఏడు మారిందో కనుక్కోండి, కాగితం మీద వచ్చిన ఏడూ ఆసుపత్రిలో అమలైన ఏడూ ఒకటి కాకపోవచ్చు.

రొమ్ము, ముఖద్వారం జంట గురించి. పైన చెప్పిన బ్రాకీథెరపీ లాంటి కారణాలు తీసేశాక కూడా కొంత మిగులుతుందని నేను ఎందుకు అనుకుంటున్నానంటే, ఒకే సామాజిక మార్పు ఈ రెండిటినీ ఎదురుదిశల్లో నెడుతుంది. చిన్న వయసులో మొదటి కాన్పు, ఎక్కువ కాన్పులు, ఎక్కువకాలం పాలివ్వడం, ఇవన్నీ రొమ్ము క్యాన్సర్ ముప్పుని తగ్గిస్తాయి. హెచ్‌పీవీ (ముఖద్వార క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్) సోకినవాళ్ళలో ఎక్కువ కాన్పులు ముఖద్వార క్యాన్సర్ ముప్పుని పెంచుతాయి. కాన్పులు తగ్గి, ఆలస్యమైతే ఒకటి పైకి, ఒకటి కిందికి. చాలా దేశాల జనాభా రిజిస్ట్రీల్లో ఈ మార్పిడి దశాబ్దాలుగా నమోదై ఉంది కాబట్టి మీ పట్టిక దానికి అనుగుణంగా ఉందని రాయొచ్చు. "రుజువు చేస్తోంది" అని రాయకూడదు. అన్నట్టు, ముఖద్వారం తగ్గుదలకి హెచ్‌పీవీ టీకా కారణమని రాసేవాళ్ళున్నారు. ఆ టీకా 2006లో వచ్చింది, వేసేది ముఖ్యంగా కౌమారంలో ఉన్న ఆడపిల్లలకి. మీ ఓపీలో కూర్చున్న యాభై ఏళ్ళావిడ టీకా తరం కాదు. పాప్ పరీక్షలు (ముఖద్వారం కణాలు తీసి చూసేవి) క్రమంగా జరిగే చోటైతే ఆ ఘనత స్క్రీనింగ్‌ది.

ఇక వయసు, పెద్దపేగు. యాభై లోపు వాళ్ళలో పెద్దపేగు క్యాన్సర్ పెరగడం చాలా సంపన్న దేశాల్లో జనాభా లెక్కల్లోనే తేలిన సంగతి. అమెరికాలో మామూలు ముప్పు ఉన్నవాళ్ళకి స్క్రీనింగ్ మొదలుపెట్టాల్సిన వయసుని 2021లో 50 నుంచి 45కి దించింది కూడా అందుకే. కాబట్టి మీరు చూసింది నిజమే అయి ఉండొచ్చు. కానీ ఆసుపత్రి డేటాలో ఇది తేల్చడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే "చిన్నవాళ్ళ వాటా పెరిగింది" అనడానికి రెండు దారులున్నాయి, చిన్నవాళ్ళు పెరగడం ఒకటి, పెద్దవాళ్ళు తగ్గడం ఇంకొకటి. కొలనోస్కోపీలో పాలిప్స్ (పేగు లోపలి చిన్న గడ్డలు) తీసేయడం పెరిగిన చోట పెద్దవాళ్ళలో క్యాన్సర్ తగ్గుతుంది, అప్పుడు చిన్నవాళ్ళ సంఖ్య అలాగే ఉన్నా వాటా పెరిగినట్టు కనిపిస్తుంది. పెద్ద ఆసుపత్రికి దూరం నుంచి ప్రయాణం చేసి వచ్చేది కూడా ఎక్కువగా ఒంట్లో ఓపిక ఉన్న చిన్న వయసువాళ్ళే, డెబ్బై దాటినవాళ్ళకి దగ్గర్లో ఏదో ఒకటి చేసి ఊరుకుంటారు. జనాభాలోనే యువత ఎక్కువ ఉన్న చోట రోగుల సగటు వయసు తక్కువగానే ఉంటుంది, దాన్ని పట్టుకుని "ఇక్కడ క్యాన్సర్ పదేళ్ళు ముందే వస్తోంది" అని రాసేస్తారు. నాకు ఒళ్ళుమండే వాక్యాల్లో అదొకటి. వయసువారీగా రేట్లు లేకుండా సగటు వయసులు పోల్చడం వల్ల టెన్షన్ తప్ప ఏమీ రాదు.

అయితే ఆసుపత్రి లెక్క దేనికి పనికొస్తుంది? జనాభా రిజిస్ట్రీలో లేనివో, అంత వివరంగా ఉండనివో దీనికి చాలా ఉన్నాయి. స్టేజి, కణరకం, మొదటిసారి వచ్చిన రోజుకీ చికిత్స మొదలైన రోజుకీ మధ్య ఎడం, మధ్యలో మానేసినవాళ్ళు, ఫాలోఅప్. నాకు ఇష్టమైనది కణరకం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒకప్పుడు స్క్వామస్ రకం ఎక్కువ ఉండేది, చాలాచోట్ల అడినోకార్సినోమా దాన్ని దాటింది. సిగరెట్ల తయారీ మారడం, ఫిల్టర్ ఉన్నవాటి పొగ లోతుగా పీల్చడం, పొగతాగని వాళ్ళ వాటా, ఇలా నిజమైన కారణాలు చెబుతారు. కానీ 2004లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పులు కనుక్కుని, వాటికి మాత్రలు పనిచేస్తాయని తెలిశాక ప్యాథాలజిస్ట్ ఊరికే "నాన్ స్మాల్ సెల్" అని (ఈ రెండు రకాలూ కలిసే పెద్ద గుంపు పేరు) రాసి వదిలేయడానికి వీల్లేకుండా పోయింది, రకం తేల్చి చెప్పమని ఆంకాలజిస్ట్ ఫోన్ చేస్తాడు. అడినో పెరిగిన ఏళ్ళలో ఆ తేల్చని కుప్ప ఎంత కరిగిందో చూడండి. స్క్వామస్ సంఖ్య కదలకుండా, కుప్ప మాత్రమే కరిగి అడినోలో చేరితే పేరు పెట్టడం మారింది, రోగం కాదు.

స్టేజిలోనూ ఒక ఉచ్చు ఉంది, అమెరికా వైద్యుడు ఆల్వన్ ఫైన్‌స్టీన్ 1985లో దీన్ని చూపించాడు. పెట్ స్కాన్ లాంటిది వచ్చాక ఇదివరకు మూడో స్టేజి అనుకున్నవాళ్ళలో కొందరు నాలుగుకి వెళతారు. మూడులో మిగిలినవాళ్ళు మెరుగ్గా కనిపిస్తారు, నాలుగులోకి వెళ్ళినవాళ్ళు అక్కడున్నవాళ్ళకన్నా మెరుగు కాబట్టి నాలుగు సగటూ పెరుగుతుంది. ఏ ఒక్కరూ ఒక్క రోజు కూడా ఎక్కువ బతకకుండానే రెండు స్టేజిల్లోనూ ఫలితాలు బాగుపడతాయి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ముందు కేసులని రెండుగా విడదీయండి: మీ దగ్గరే నిర్ధారణ అయినవి లేదా మొదటి చికిత్స మీ దగ్గరే జరిగినవి ఒకవైపు, బయట అంతా అయిపోయి తిరగబెట్టాక వచ్చినవో, రెండో అభిప్రాయానికి వచ్చినవో ఇంకోవైపు. పోలికలకి మొదటి కుప్పే వాడండి. ఏడాది అంటే నిర్ధారణ అయిన ఏడాది పెట్టండి, రిజిస్టర్‌లో ఎక్కిన ఏడాది కాదు. ఒకే మనిషికి రెండు ఓపీ నంబర్లు ఉండటం మామూలే, పేరు స్పెల్లింగ్ తేడాతో రెండుసార్లు పడ్డవి ఏరండి, కానీ ఒకే మనిషికి నిజంగా రెండు వేర్వేరు క్యాన్సర్లు ఉంటే అవి రెండు కేసులే.

తర్వాత, ఆసుపత్రికి దగ్గరగా ఉండి ఎప్పుడూ మీ దగ్గరికే వచ్చే ప్రాంతాలవాళ్ళని మాత్రమే తీసుకుని అదే పట్టిక మళ్ళీ వేయండి. మొత్తంలో కనిపించిన మార్పు ఇక్కడా నిలబడితే దానికి బలం ఉన్నట్టు, ఇక్కడ మాయమైతే అది దూరం నుంచి వచ్చేవాళ్ళ తంతు. నా లెక్కలో మొత్తం పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఈ ఒక్క పట్టికే. ఒక పొడుగు కాగితం మీద ఏళ్ళు రాసి, కింద ఆసుపత్రిలో జరిగినవన్నీ రాయండి: కొత్త విభాగాలు, చేరినవాళ్ళు, వెళ్ళినవాళ్ళు, మిషన్లు, మిషన్ చెడిపోయి ఉన్న నెలలు, బీమా మార్పులు, కోడ్ పుస్తకం మార్పులు. గ్రాఫ్ దాని మీద పరచండి.

మీ పదిహేనేళ్ళలో 2020 కూడా ఉంటే దాన్ని వరసలో మొదటి బిందువుగానో చివరి బిందువుగానో పెట్టకండి. ఆ ఏడు కోవిడ్ వల్ల జనం ఆసుపత్రులకి రాలేదు, ఎండోస్కోపీలు, స్క్రీనింగ్‌లు ఆగిపోయాయి, కేసులు తగ్గాయి, వాటిలో కొన్ని తర్వాతి ఏళ్ళలో ముదిరిన స్టేజిలో తేలాయి. గ్రాఫ్‌లో ఆ బిందువు ఉంచండి, గీత లెక్కగట్టేటప్పుడు అది ఉన్నప్పుడూ, తీసేసినప్పుడూ ఏమొస్తుందో రెండూ చూపించండి. మీ గైడ్ ముందు అడిగేది అదే.